లక్ష రూపాయలతో బ్యాంకు తెరిచిన బందరు డాక్టరు

కడప జిల్లా వేముల మండలంలోని తుమ్మలపల్లె పేరు చెప్పగానే అందరికీ యురేనియం గుర్తొస్తుంది. యురేనియం కార్పొరేషన్ ఆఫ్ ఇండియా గని, శుద్ధి కర్మాగారం అక్కడే ఉన్నాయి. అవి రాకముందు ఆ చుట్టుపక్కల ఊళ్లన్నీ వేరుశనగ, చీనీ, అరటి మీదే బతికేవి. ప్రాజెక్టుకు భూమి ఇచ్చిన ఇంట్లో పొలం పోయి దాని బదులు బ్యాంకు ఖాతాలో పరిహారం పడింది. పొలాన్ని ఎవరూ ఫోన్లో ఎత్తుకుపోలేరు. ఖాతాలో ఉన్న డబ్బు అలా కాదు. పులివెందులలోనో కడపలోనో డిగ్రీ చదువుతూ ఉద్యోగ నోటిఫికేషన్ల కోసం చూస్తున్న కుర్రాడి ఫోన్‌కు రోజూ ఏదో ఒక లింకు వస్తుంది. ఒకటి రెట్టింపు లాభమంటుంది, ఇంకొకటి ఇంట్లో కూర్చొని సంపాదించమంటుంది. నాన్న ఖాతాకు యూపీఐ పెట్టిచ్చింది కూడా ఆ కుర్రాడే.

ఈ వారం చెప్పుకునేది స్మార్ట్‌ఫోన్ మాట వినకుండానే కన్నుమూసిన ఒక మనిషి గురించి. పోటీ పరీక్షల పుస్తకాల్లో ఆయన పేరు కనీసం నాలుగు చోట్ల తగులుతుంది. 1939లో సుభాష్ చంద్రబోస్ చేతిలో ఓడిన అభ్యర్థి, జేవీపీ కమిటీలో ‘పీ’, కాంగ్రెస్ చరిత్ర రాసిన రచయిత, ఆంధ్రా బ్యాంకు వ్యవస్థాపకుడు. ఆ నాలుగూ భోగరాజు పట్టాభి సీతారామయ్యే. మొదటి మూడూ బాగా బట్టీ పడతాం. నాలుగోది ఒక మార్కు బిట్టుగా మిగిలిపోయింది. నా లెక్కలో మనకు ఎక్కువ పనికొచ్చేది ఆ నాలుగోదే.

కరణం గారి అబ్బాయి

పట్టాభి 1880 నవంబరు 24న ఇప్పటి ఏలూరు జిల్లాలోని గుండుగొలనులో పుట్టారు. కరణం కుటుంబమే గానీ కలిగిన ఇల్లు కాదు. తండ్రి చిన్నతనంలోనే పోయారు. ఏలూరులో బడి, బందరు నోబుల్ కాలేజీ, అక్కణ్నుంచి మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో బీఏ. తర్వాత మద్రాసులోనే వైద్య విద్య చదివి ఎంబీసీఎం పట్టా తీసుకున్నారు. కరణం ఇంట్లో ఊరి లెక్కలుంటాయి. ఎవరి పొలం ఎంత, ఎవరికి శిస్తు ఎంత బాకీ అన్నది పుస్తకంలో రాసి ఉంటుంది. ఆ ఇంట్లో పుట్టిన పిల్లాడికి లెక్క రాయడమంటే పరాయి పని కాదు.

1906లో బందరులో ప్రాక్టీసు పెట్టారు. ఆ సంవత్సరాన్ని గుర్తుపెట్టుకోండి. సరిగ్గా అదే ఏడాది అక్టోబరు 22న మద్రాసులో అర్బత్‌నాట్ అండ్ కంపెనీ కుప్పకూలింది. ఆ రోజుల్లో అర్బత్‌నాట్ అంటే కొండంత నమ్మకం. తెల్లదొరల సంస్థ, పెద్ద భవనం, సర్ బిరుదున్న యజమాని. జమీందార్ల నుంచి పింఛను దాచుకున్న గుమాస్తాల వరకు దాంట్లో డిపాజిట్లు పెట్టారు. లోపల జరిగింది వేరు. లండన్‌లో ఉన్న భాగస్వామి ఆ సొమ్ముతో సట్టా వ్యాపారాలు చేశాడు. అవి తిరగబడేసరికి అతను ఆత్మహత్య చేసుకున్నాడు. మద్రాసులో సర్ జార్జి అర్బత్‌నాట్‌ను కోర్టు దోషిగా తేల్చి 18 నెలల కఠిన శిక్ష వేసింది. వేల కుటుంబాల పొదుపు మాయమైంది. మరుసటి ఏడాది మద్రాసు ప్రముఖులు కలిసి సొంతంగా బ్యాంకు పెట్టుకున్నారు. 1907 ఆగస్టు 15న మొదలైన ఆ ఇండియన్ బ్యాంకు ఈనాటికీ నడుస్తోంది.

బందరులో రోగుల నాడి చూస్తున్న పాతికేళ్ల డాక్టరు ఈ గొడవంతా పేపర్లలో చదివే ఉంటారు. అప్పుడాయన ఏమనుకున్నారో మనం చెప్పలేం గానీ తర్వాతి ముప్పై ఏళ్లలో ఏం చేశారో మాత్రం రికార్డుల్లో ఉంది.

అప్పు ఎక్కడ పుట్టాలి?

1910 నాటికి బందరులో ఆంధ్ర జాతీయ కళాశాల నిలదొక్కుకుంది. కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావులతో పాటు పట్టాభి దాని వెనక ఉన్నారు. చదువుతో పాటు చేతిపని నేర్పాలన్నది వాళ్ల పట్టు. ఇప్పుడు స్కిల్ డెవలప్‌మెంట్ అని పిలుస్తున్నదానికి అది ముత్తాత అనుకోవచ్చు.

తర్వాత ఆయన దృష్టి డబ్బు మీదికి మళ్లింది. అప్పట్లో ఊళ్లో రైతుకు అప్పు కావాలంటే షావుకారు గడప తొక్కాల్సిందే. వడ్డీ ఎంతో షావుకారే చెబుతాడు, లెక్కా ఆయనే రాస్తాడు. ఆయన రాసిన లెక్కను రైతు చదవలేడు. ఈ రెండో సంగతి వడ్డీ కన్నా పెద్ద సమస్య. 1904లో సహకార సంఘాల చట్టం వచ్చింది. 1915లో కృష్ణా జిల్లా సహకార కేంద్ర బ్యాంకు ఏర్పాటైంది. దాన్ని నిలబెట్టినవాళ్లలో పట్టాభి ముఖ్యులు. సభ్యులు తలాకొంచెం వేసుకుంటారు. అందులోంచే సభ్యులకు అప్పిస్తారు. లెక్కలు అందరి ముందూ పెడతారు. కడపలో ఇవాళ మీరు చూసే జిల్లా సహకార కేంద్ర బ్యాంకుదీ ఇదే నమూనా.

1916 వచ్చేసరికి ఆయన బాగా సాగుతున్న వైద్య వృత్తిని వదిలేశారు. వయసు ముప్పై ఆరు. స్వాతంత్ర్య ఉద్యమంలోకి పూర్తిగా దిగారు. 1919లో ‘జన్మభూమి’ అనే ఇంగ్లిషు వారపత్రిక మొదలుపెట్టి పదకొండేళ్లు నడిపారు. ఉద్యమం, జైళ్లు, కాంగ్రెస్ రాజకీయాల కథ మీకు సిలబస్‌లో ఎటూ ఉంది కాబట్టి ఇక్కడ సాగదీయను.

1923 నవంబరు

అప్పటికి మూడు ప్రెసిడెన్సీ బ్యాంకులు కలిసి ఇంపీరియల్ బ్యాంకు అయి రెండేళ్లయింది. దాని పెద్ద కుర్చీల్లో తెల్లవాళ్లే ఉండేవారు. తెలుగు జిల్లాల్లో వరి, పొగాకు, వేరుశనగ పండుతున్నా ఆ పంట మీద తిరిగే డబ్బు మాత్రం మద్రాసు చేతుల్లో ఉండేది. 1923 నవంబరు 20న బందరులో ఆంధ్రా బ్యాంకు రిజిస్టరైంది. 28న లావాదేవీలు మొదలయ్యాయి. అధీకృత మూలధనం 10 లక్షలు, చెల్లించిన మూలధనం లక్ష.

ఈ రెండు అంకెలకూ తేడా ఏంటని ఇంటర్వ్యూలో అడిగితే చాలామంది తడబడతారు. వాటాలు అమ్మి గరిష్ఠంగా ఎంతవరకు పోగు చేసుకోవచ్చని కంపెనీ తన పత్రాల్లో రాసుకుంటుందో అది అధీకృత మూలధనం. వాటాదారులు నిజంగా చెల్లించగా చేతికొచ్చింది చెల్లించిన మూలధనం. ఇప్పుడు మీకు వాట్సాప్‌లో వచ్చే కొత్త కంపెనీ బ్రోచర్లలో వంద కోట్ల క్యాపిటల్ అని పెద్ద అక్షరాలతో ఉంటే అది వీటిలో ఏదో చూడండి. అసలు ఆ పేరుతో కంపెనీ ఉందా లేదా అన్నది కార్పొరేట్ వ్యవహారాల శాఖ వెబ్‌సైట్‌లో ఎవరైనా వెతుక్కోవచ్చు. ఉన్నంత మాత్రాన డిపాజిట్లు తీసుకునే హక్కు దానికి వచ్చేయదు. కంపెనీగా నమోదు కావడం, ప్రజల దగ్గర డబ్బు తీసుకోవడానికి అనుమతి ఉండటం రెండు వేర్వేరు సంగతులు. అగ్రిగోల్డ్‌లో ఇరుక్కున్న మన రాష్ట్ర కుటుంబాలకు ఈ తేడా ఎంత ఖరీదైనదో తెలుసు. కంపెనీకి పేరుంది, ఆఫీసులున్నాయి, ఏజెంటు పక్కింటి మనిషే. అయినా డబ్బు ఇరుక్కుపోయింది.

1923లో పరిస్థితి ఇంకా కష్టం. రిజర్వు బ్యాంకు అప్పటికి పుట్టలేదు. అది వచ్చింది 1935 ఏప్రిల్‌లో. అంటే మొదటి పదకొండేళ్లు ఆంధ్రా బ్యాంకు మీద కన్నేసి ఉంచే కేంద్ర బ్యాంకే లేదు. డిపాజిట్లకు బీమా లేదు. దేశంలో 1913 నుంచి నాలుగైదేళ్ల పాటు బ్యాంకులు వరసగా పడిపోయాయి. బొంబాయిలో ఇండియన్ స్పీసీ బ్యాంకు డిపాజిటర్ల సొమ్ముతో వెండి సట్టా ఆడి మునిగింది. ఆ జ్ఞాపకాలు ఆరకముందే కొత్త బ్యాంకుకు డబ్బివ్వమని జనాన్ని అడగాలంటే ధైర్యం ఉంటే చాలదు. అడిగేవాడి మాట మీద జనానికి గురి ఉండాలి. పదేళ్లు మందులిచ్చి, సహకార బ్యాంకు నడిపిన మనిషి కాబట్టి పట్టాభి అడిగితే ఇచ్చారు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మనిషి మీద నమ్మకంతో డబ్బివ్వడం ఆనాడు తప్పనిసరి. చూసుకోవడానికి ఇంకో ఆధారం లేదు. ఈరోజుల్లో అలా చేయడం మాత్రం ప్రమాదమే. ఎవరో పెద్దమనిషి మొహంతో, ఆయన గొంతుతోనే కృత్రిమ మేధ వీడియోలు తయారుచేసి ఫలానా యాప్‌లో పెట్టుబడి పెట్టండని చెప్పిస్తున్నారు. మొహాన్ని పక్కన పెట్టి రిజిస్ట్రేషన్ నంబరు చూడాల్సిన కాలం ఇది. షేర్ల సలహాదారైనా బ్రోకరైనా సెబీ దగ్గర నమోదై ఉండాలి. ఆ జాబితా సెబీ వెబ్‌సైట్‌లో ఉంటుంది. డిపాజిట్లు తీసుకునే సంస్థల వివరాలు రిజర్వు బ్యాంకు ‘సచేత్’ పోర్టల్‌లో చూడొచ్చు, ఫిర్యాదూ అక్కడే చేయొచ్చు. అనుమతి లేని డిపాజిట్ పథకాలను నిషేధిస్తూ 2019లో ప్రత్యేక చట్టమే వచ్చింది.

ఒక్క బ్యాంకుతో ఆగలేదు

పట్టాభి పని తీరులో నాకు బాగా నచ్చేది ఇది. డబ్బు అవసరాలన్నిటికీ ఒకే మందు రాయలేదు. 1925లో ఆంధ్రా ఇన్సూరెన్స్ కంపెనీ పెట్టారు. 1929లో భారతలక్ష్మి బ్యాంకు. 1935లో హిందుస్థాన్ ఐడియల్ ఇన్సూరెన్స్. మధ్యలో రైతులకు దీర్ఘకాలిక అప్పుల కోసం భూమి తనఖా బ్యాంకు. రోజువారీ సొమ్ముకు ఒక చోటు, ఇంటి పెద్ద పోతే కుటుంబానికి ఆసరాగా ఇంకొకటి, బావి తవ్వించుకోవడానికి మరొకటి. ఒకదాని పని ఇంకొకదానితో చేయించబోతే ఏమవుతుందో ఇప్పటికీ చూస్తున్నాం. అత్యవసరానికి దాచిన డబ్బుతో ఆప్షన్లు కొనేవాళ్లు, బీమా పాలసీని పెట్టుబడి అనుకుని ఏటా యాభై వేలు కట్టలేక మధ్యలో వదిలేసేవాళ్లు మన చుట్టూనే ఉన్నారు.

ఆప్షన్ల మాట వచ్చింది కాబట్టి సెబీ లెక్క ఒకటి చూడండి. 2021-22 నుంచి 2023-24 వరకు మూడేళ్లలో ఈక్విటీ ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో ట్రేడింగ్ చేసిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారు. అందరి నష్టం కలిపి 1.8 లక్షల కోట్ల రూపాయల పైనే. మన పేజీ పాఠకులకు సంబంధించిన అంకె ఇంకోటుంది. ఈ ట్రేడర్లలో ముప్పై ఏళ్ల లోపు వాళ్లు 2022-23లో 31 శాతం ఉంటే ఏడాది తిరిగేసరికి 43 శాతమయ్యారు. ఇదంతా మోసం కాదు, చట్టబద్ధంగా జరిగిన నష్టం. నెలకు ఐదొందలు ఇండెక్స్ ఫండులో వేస్తూ పదేళ్లు ఊరుకోవడానికీ, ఎక్స్‌పైరీ రోజున వారం ఖర్చులు పందెం కాయడానికీ పేరు ఒకటే పెట్టారు కాబట్టి తేడా తెలియడం లేదు. రెండింటినీ పెట్టుబడి అనే అంటున్నారు.

పట్టాభి మరో పట్టుదల మాతృభాష. లావాదేవీ జనం భాషలో సాగాలని ఆయన వాదించారు. భాషా ప్రయుక్త రాష్ట్రాల కోసం ఆయన చేసిన వాదనకు ఇది డబ్బు రూపం అనుకోండి. షావుకారు రాసిన లెక్కను రైతు చదవలేకపోవడం, లోన్ యాప్‌లో ఇంగ్లిషు నిబంధనలు చదవకుండా ‘ఐ అగ్రీ’ నొక్కడం, రెండూ ఒకే జబ్బు. ఆ నొక్కుడుతో ఫోన్లోని కాంటాక్టులు, ఫొటోలు అన్నీ వాళ్ల చేతికి వెళ్తాయి. తర్వాత బెదిరింపు ఫోన్లు మొదలవుతాయి.

సీమకు ఆయనతో ఉన్న లెక్క

కడప, కర్నూలు పిల్లలకు పట్టాభి పేరు ఇంకో చోట వినిపిస్తుంది. 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు ఇల్లు శ్రీబాగ్‌లో కోస్తా, రాయలసీమ నాయకులు కూర్చుని ఒప్పందం రాసుకున్నారు. సీమ తరఫున కడప కోటిరెడ్డి, కల్లూరి సుబ్బారావు, పప్పూరి రామాచార్యులు లాంటివాళ్లు ఉన్నారు. కోస్తా నుంచి సంతకం చేసినవాళ్లలో పట్టాభి ఒకరు. కృష్ణా, తుంగభద్ర నీళ్లలో సీమకు ముందు ప్రాధాన్యం, రాజధాని లేదా హైకోర్టు వంటి హామీలు అందులో ఉన్నాయి. అమలైన వాటి గురించి, కాని వాటి గురించి మన దగ్గర ఇప్పటికీ సభలు జరుగుతూనే ఉన్నాయి. ఆ కాగితాన్ని అమలు చేయించే చట్టం గానీ, అధికారి గానీ ఆరోజు లేరు. బ్యాంకు విషయంలో అంత జాగ్రత్తగా మూలధనం, రిజిస్ట్రేషన్ చూసుకున్న మనిషి ఈ ఒప్పందానికి అలాంటి పూచీ ఏదీ లేకుండానే సంతకం పెట్టడం సీమవాడిగా నాకు కొంచెం చురుక్కుమనిపిస్తుంది. ఆనాటి పరిస్థితి అది అనుకున్నా సరే.

1939లో గాంధీ మద్దతుతో కాంగ్రెస్ అధ్యక్ష పదవికి నిలబడి బోస్‌కు 1,580 ఓట్లు వస్తే 1,377 దగ్గర ఆగిపోయారు. ఆ ఓటమిని గాంధీ తన ఓటమిగానే చెప్పుకున్నారు. 1942 నుంచి 1945 దాకా నెహ్రూ, పటేల్, ఆజాద్‌లతో అహ్మద్‌నగర్ కోటలో ఖైదు. 1948లో పురుషోత్తమ్ దాస్ టాండన్ మీద గెలిచి అధ్యక్షుడయ్యారు. 1952 నుంచి 1957 వరకు మధ్యప్రదేశ్ గవర్నరు. ఆ పదవిలో ఉండగానే, 1956 సెప్టెంబరులో, ప్రభుత్వం రెండొందలకు పైగా బీమా సంస్థల్ని కలిపి ఎల్‌ఐసీ చేసింది. 1959 డిసెంబరు 17న హైదరాబాదులో కన్నుమూశారు.

ఆ తర్వాతి ఏడాదే కేరళలో పాలాయి సెంట్రల్ బ్యాంకు మూతపడింది. ఆ దెబ్బతో 1962 జనవరి నుంచి డిపాజిట్ బీమా మొదలైంది. అప్పట్లో 1,500 రూపాయల వరకే. 2020 ఫిబ్రవరి నుంచి అది అసలూ వడ్డీ కలిపి, ఒక్కో బ్యాంకులో ఒక్కొక్కరికి 5 లక్షలు. సహకార బ్యాంకులకూ వర్తిస్తుంది. మీ ఊరి ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘానికి మాత్రం వర్తించదు. షేర్లు, మ్యూచువల్ ఫండ్లు, క్రిప్టో, చిట్టీలు కూడా దీని కిందికి రావు. పరిహారం సొమ్మో, అమ్మమ్మ పొలం అమ్మిన సొమ్మో ఐదు లక్షలు దాటితే రెండు బ్యాంకుల్లో పెట్టుకోవడం ఎందుకు మంచిదో ఇప్పుడు అర్థమవుతుంది.

ఉద్యోగం వెతికేవాళ్లకు ప్రత్యేకంగా

మోసగాళ్లకు ఇవాళ మీ డబ్బు కన్నా మీ ఖాతా ఎక్కువ అవసరం. నాలుగైదు వేలిస్తాం, పాస్‌బుక్, ఏటీఎం కార్డు, సిమ్ ఇవ్వు చాలు అంటారు. ఖాళీగా ఉన్న ఖాతానే కదా అని ఇచ్చేస్తే ఎక్కడో ఎవరి దగ్గరో కొట్టేసిన లక్షలు ఆ ఖాతా మీదుగా పోతాయి. పోలీసులు ముందు వెతికేది ఖాతా పేరు ఎవరిదో ఆ మనిషినే. ఖాతా స్తంభిస్తుంది, కేసు నమోదవుతుంది. గ్రూప్స్ రాసి, కానిస్టేబుల్ పరీక్ష పాసై, పూర్వాపరాల విచారణ దగ్గర ఆ కేసు బయటపడితే చదివిన ఏళ్లన్నీ అక్కడే ఆగిపోతాయి.

పార్ట్‌టైమ్ పని పేరుతో వచ్చేది ఇంకో రకం. హోటళ్లకు రేటింగులు ఇవ్వమని మొదట రెండొందలు నిజంగానే వేస్తారు. తర్వాత పెద్ద టాస్కుకు మీరే ముందు కట్టాలంటారు. యాప్‌లో మీ లాభం లక్షల్లో కనిపిస్తుంది, తీసుకోబోతే ముందు పన్ను కట్టమంటారు. అసలు షేర్ల వ్యాపారంలో లాభం తీసుకోవడానికి ముందస్తుగా ఎవరికో పన్ను బదిలీ చేసే పద్ధతే లేదు. మీరు కొన్న షేర్లు డీమ్యాట్‌లో ఉన్నాయో లేదో సీడీఎస్‌ఎల్, ఎన్‌ఎస్‌డీఎల్ నేరుగా పంపే స్టేట్‌మెంట్‌లో తెలుస్తుంది, యాప్ తెర మీద కాదు. డబ్బు పోయిందని తెలిసిన క్షణంలో 1930కి ఫోన్ చేయాలి. గంట ఆలస్యమైతే డబ్బు నాలుగు ఖాతాలు మారుతుంది. సిగ్గుపడి ఇంట్లో చెప్పకుండా రెండు రోజులు కూర్చునేవాళ్లే ఎక్కువ నష్టపోతున్నారు.

ఇదే రంగంలో ఉద్యోగాలూ ఉన్నాయి. ఐబీపీఎస్ ద్వారా బ్యాంకు, గ్రామీణ బ్యాంకు పోస్టులు, అగ్రికల్చర్ డిగ్రీ ఉంటే ఫీల్డ్ ఆఫీసర్, ఎల్‌ఐసీలో ఏఏఓ. సెబీ స్థాపించిన ఎన్‌ఐఎస్‌ఎం నిర్వహించే సిరీస్ 5ఏ పరీక్ష పాసైతే మ్యూచువల్ ఫండ్ డిస్ట్రిబ్యూటర్‌గా నమోదు కావచ్చు. అదే సంస్థ పెట్టే సెబీ ఇన్వెస్టర్ సర్టిఫికేషన్ పరీక్షకు ఫీజు లేదు. రెజ్యూమెలో ఒక లైను పెరుగుతుంది, అంతకన్నా ముఖ్యంగా ఇంట్లోవాళ్ల డబ్బు విషయంలో మీ మాటకు ఒక ఆధారం దొరుకుతుంది.

భారతలక్ష్మి బ్యాంకు 1964లో ఆంధ్రా బ్యాంకులో కలిసింది. ఆంధ్రా బ్యాంకు 1980 ఏప్రిల్‌లో జాతీయమైంది, 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో విలీనమైంది. కడప కేంద్రంగా నడిచిన ఆంధ్ర ప్రగతి గ్రామీణ బ్యాంకు కూడా 2025 మేలో ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులో కలిసిపోయింది. హైదరాబాద్ సైఫాబాద్‌లో ఆంధ్రా బ్యాంకు ప్రధాన కార్యాలయంగా నడిచిన భవనానికి పట్టాభి పేరే పెట్టారు. విలీనాల్లో డిపాజిటర్ల డబ్బు ఎక్కడికీ పోలేదు గానీ కోడ్లు మారాయి. ఇంట్లో పాత ఆంధ్రా బ్యాంకు పాస్‌బుక్ ఉంటే దాని మీద ఐఎఫ్‌ఎస్‌సీ ‘ఏఎన్‌డీబీ’తో మొదలవుతుంది. స్కాలర్‌షిప్ దరఖాస్తులో అదే రాస్తే డబ్బు పడదు. ‘యూబీఐఎన్’తో మొదలయ్యే కొత్త కోడ్ బ్రాంచిలో అడిగి తెలుసుకోండి. కేవైసీ కోసమంటూ ఎవరో పంపిన లింకులో వెతకొద్దు.